హైడ్రాలిక్ క్లచ్ పని ఇంట్లో పెట్టుకోవచ్చా, లేక ఎయిర్ తీయడంతోనే ఆగాలా?

కొండాపూర్_ఎకో:
నా బండి 2016 ఫోర్డ్ ఎకోస్పోర్ట్ డీజిల్. కొన్నాళ్లుగా రివర్స్ వేస్తే గర్రుమంటోంది. ఇంజన్ ఆపి వేస్తే మాత్రం అన్ని గేర్లూ సాఫీగా పడుతున్నాయి. క్లచ్ పెడల్ సగం దాకా వట్టిదే. నాలుగైదు సార్లు గబగబా తొక్కితే పైకొచ్చి కాసేపు బాగానే పనిచేస్తుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో (క్లచ్‌కీ ఆయిల్ అక్కణ్నుంచే) మట్టం కూడా తగ్గింది. గ్యారేజీలో చూపిస్తే బండి కిందికి వంగి కూడా చూడకుండా "గేర్‌బాక్స్ దింపాలి, క్లచ్ సెట్ మొత్తం మార్చాలి" అన్నారు. వాళ్లు చెప్పిన మొత్తంలో సగం కూలీయే. మా బావమరిది దగ్గర జాకీలు, స్పానర్లు అన్నీ ఉన్నాయి, "మనమే చేసేద్దాం బావా" అంటున్నాడు. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఇది ఇంట్లో అయ్యే పనేనా? చేసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_బాబాయ్ (బెజవాడ):
బాబూ, క్లచ్ ఆయిల్ లైన్లో చిక్కిన గాలి (ఎయిర్) తీసుకోవడం వేరు, గేర్‌బాక్స్ దింపడం వేరు. మొదటిది ఎవరైనా చేసుకోవచ్చు. రెండోది వద్దు. నీది ముందు చక్రాలు లాగే బండి. ఆ చక్రాలకి వెళ్లే రెండు డ్రైవ్ షాఫ్ట్‌లు ఊడదీయాలి, గేర్ ఆయిల్ వదలాలి, గేర్‌బాక్స్ మౌంటు విప్పగానే ఇంజన్ ఒక పక్కకి వాలుతుంది కాబట్టి దాన్ని పైనుంచి పట్టి ఉంచాలి. ఆ గేర్‌బాక్స్ ముప్పై, నలభై కిలోల బరువు ఉంటుంది. దించడం ఒక ఎత్తు, ఎక్కించడం ఇంకో ఎత్తు. సగం లోపలికి వెళ్లాక దాని బరువంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద వేలాడితే కొత్త క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే బొడిపె వంగిపోతుంది. బండి స్టార్ట్ చేశాక గానీ ఆ సంగతి తెలియదు. అప్పుడు మళ్లీ మొదటికి.

డల్లాస్_సివిక్:
బాబాయ్ గారూ, కస్టమర్‌ని భయపెట్టడం మీ ఊళ్లోనే కాదు, ఇక్కడా ఉంది :) నాది పాత హోండా సివిక్, మాన్యువల్. మాన్యువల్ బండ్లే అరుదైపోయిన దేశంలో వాటి మీద చెయ్యి తిరిగిన మెకానిక్ దొరకడమే కష్టం, దొరికినా కూలీ భరించలేం. క్లచ్ పని మా ఇంటి గ్యారేజీలోనే చేసుకున్నాను. పనిముట్లు పార్ట్స్ షాపులోనే డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పనయ్యాక తిరిగిచ్చేశా. కావలసింది ఓపిక, ట్రాన్స్‌మిషన్ జాక్, నాలుగు గట్టి స్టాండ్లు, ఆ బండి సర్వీస్ మాన్యువల్. బాబాయ్ చెప్పిన వేలాడే సమస్యకి మందు చాలా తేలిక: తలలు కోసేసిన రెండు పొడుగు బోల్టులు గైడులుగా బిగిస్తే గేర్‌బాక్స్ వాటి మీదే జారుతూ వెళ్లి కూర్చుంటుంది.

ఓరుగల్లు_ఇన్నోవా:
అన్నా, నేను పాత ఇన్నోవాది ఇంటికాడనే చేసిన. స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ జోరుతోని క్లచ్‌ను విడిపించేది) బయటనే ఉంటది, గేర్‌బాక్స్ పక్కకు రెండు బోల్టులు, ఒక పైపు. అంతే. విప్పి చూస్తే రబ్బరు బూటు లోపట ఆయిల్ నిండి ఉన్నది. కొత్త సిలిండర్ బిగించి, మా తమ్ముడు పెడల్ తొక్కుతుంటే నేను కింద నిపుల్ (గాలి వదిలే చిన్న స్క్రూ) తిప్పుకుంట ఎయిర్ తీసిన. ఒక పొద్దు పని. దీనికి గింత లొల్లి ఎందుకు?

ఆటోనగర్_బాబాయ్ (బెజవాడ):
ఇన్నోవాతో దీన్ని పోల్చకు తమ్ముడూ. నీది బయట సిలిండర్. ఈ ఎకోస్పోర్ట్‌లో స్లేవ్ సిలిండర్, క్లచ్‌ని నొక్కి విడిపించే రిలీజ్ బేరింగ్ కలిపి ఒకటే ముక్క. గేర్‌బాక్స్ షాఫ్ట్ చుట్టూ, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే డొప్ప) లోపల ఉంటుంది. చిన్న సీలు పోయినా గేర్‌బాక్స్ దింపాల్సిందే.

రిటైర్డ్_ఫోర్‌మన్:
అందరూ పని దగ్గరికి వెళ్లిపోయారు, రోగం ఏమిటో ఎవరూ అడగలేదు. కొండాపూర్ బాబూ, నువ్వు చెప్పినవాటిలో ఒక్కటి కూడా క్లచ్ ప్లేటు అరిగిన లక్షణం కాదు. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది: టాప్ గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ ఆర్పీఎం లేస్తుంది, స్పీడు లేవదు. నీకు దానికి సరిగ్గా తిరగబడి ఉంది. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఇంజన్ ఆపితే గేర్లు పడుతున్నాయంటే అదే అర్థం. తొక్కగా తొక్కగా పెడల్ పైకొస్తోందంటే లైన్లో గాలి ఉంది. మట్టం తగ్గిందంటే ఆయిల్ ఎక్కడి నుంచో పోతోంది, ఆ దారినే గాలి కూడా వస్తోంది. ఎక్కడో తేల్చకుండా పైసా ఖర్చు పెట్టకు.

ముందు డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి, క్లచ్ పెడల్ పైన మాస్టర్ సిలిండర్‌లోకి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని కిందికి తోసేది) వెళ్లే కడ్డీ తడుము. తడిగా ఉంటే మాస్టర్ పోయింది, గేర్‌బాక్స్ జోలికి వెళ్లే పనే లేదు. తర్వాత కింద బెల్ హౌసింగ్ అడుగున చూడు. అక్కడ చుక్క కనిపిస్తే అది బ్రేక్ ఆయిలా, గేర్ ఆయిలా, ఇంజన్ ఆయిలా అన్నది తేల్చాలి. ఆ చుక్కని గ్లాసుడు నీళ్లలో వెయ్యి. తేలితే ఇంజన్‌దో గేర్‌దో. నీళ్లలో కలిసిపోతే బ్రేక్ ఆయిలే. ఇంకొకటి, పెడల్ తొక్కి అలాగే పట్టుకుంటే బయట ఎక్కడా తడి లేకుండా మెల్లగా కిందికి దిగిపోతోందా చూడు. దిగితే మాస్టర్ లోపలి కప్పు ఆయిల్ వదిలేస్తోందన్నమాట.

గుంటూరు_మిర్చి:
ఫోర్‌మన్ గారూ, ఇంత చదివాక గ్యారేజీ వాడి మీద నాకే కోపం వస్తోంది. వంద మందిలో ఎంతమంది ఇలా ఉత్త గాలికే క్లచ్ సెట్ మార్పించుకుని ఉంటారో.

సెల్లార్_సెక్రటరీ:
ఒక భయం. క్లచ్‌కీ బ్రేకులకీ డబ్బా ఒకటే కదా. ఇంట్లో ఎయిర్ తీస్తూ ఎక్కడో తేడా చేస్తే బ్రేకులు పోవా? ఇలాంటివన్నీ "మీరే చేసుకోండి" అని చెప్పేవాళ్లు ఆ బండి ఘాట్ రోడ్డు ఎక్కుతుందని ఆలోచిస్తారా? పైగా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి విప్పితే నేనే ఒప్పుకోను.

డల్లాస్_సివిక్:
చాలా బండ్లలో క్లచ్‌కి వెళ్లే గొట్టం డబ్బా పక్కన, పైభాగంలో ఉంటుంది. క్లచ్ వైపు మొత్తం కారిపోయినా, ఆ గొట్టం కింద మిగిలే ఆయిల్ బ్రేకులదే. అందుకే క్లచ్ బ్లీడింగ్‌లో, అంటే గాలి తీయడంలో, తప్పు జరిగితే చెడేది క్లచ్చే. బ్రేకులకి అసలు ప్రమాదం వేరే చోటుంది. ఆ డబ్బాలో ఇంజన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారంటే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి, బ్రేకులవి కూడా. అలాగే డాట్ 5 (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ రకం) అని రాసి ఉన్న సిలికాన్‌ది పోయకూడదు. మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 4.

రిటైర్డ్_ఫోర్‌మన్:
మూత తీసిన పాత సీసా కూడా వాడకూడదు. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తది 230 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక లెక్క 155కి దిగుతుంది. క్లచ్‌కి అంత వేడి రాదులే అంటారు గానీ, డబ్బా ఒకటే కాబట్టి ఆ నీరు బ్రేకులకీ వెళ్తుంది. ఘాట్ రోడ్డు భయం ఉన్నవాళ్లు చూసుకోవలసింది ఇదీ.

ఓరుగల్లు_ఇన్నోవా:
గాలి తీసుడు గురించి నా మాట. సిరంజితోని కింద నుంచి పైకి ఎక్కించుడు అన్నిటికన్న అలకగ అయితది. గాలి ఎట్లయినా పైకే పోతది గదా. నిపుల్‌కు గొట్టం పెట్టి కొత్త ఆయిల్ మెల్లగ నూకితే బుడగలన్నీ డబ్బాల తేల్తయ్. పెడల్ తొక్కెటానికి ఇంకో మనిషి అక్కర లేదు.

ఆటోనగర్_బాబాయ్ (బెజవాడ):
కింద సిలిండర్లో పేరుకున్న మడ్డి అంతా నువ్వు మాస్టర్‌లోకి, డబ్బాలోకి ఎక్కిస్తున్నావు. ఇందాక బ్రేకుల గురించి అంత మాట్లాడారే, ఇప్పుడా మడ్డి ఎక్కడికి పోతుంది? పైనుంచి కిందికి తోయడమే పద్ధతి. ఒకరు పెడల్ మెల్లగా అడుగుదాకా తొక్కి పట్టుకోవాలి, కింది మనిషి నిపుల్ వదిలి, ఆయిల్ ఆగాక బిగించి "వదులు" అనాలి. గాలి ఉన్న పెడల్ తనంతట తాను పైకి రాదు, చేత్తో లాగాలి. చాలామంది ఇక్కడే "మాస్టర్ పోయింది" అనుకుని కొత్తది కొంటారు. గొట్టం రెండో చివర సీసాలోని ఆయిల్‌లో మునిగే ఉండాలి, డబ్బాలో మట్టం పడిపోకుండా పోస్తూ ఉండాలి. గబగబా కొట్టకూడదు, గాలి నురగైపోయి ఇక బయటికి రాదు.

ఓరుగల్లు_ఇన్నోవా:
మడ్డి సంగతి కరెక్టే బాబాయ్. ముందుగాల డబ్బాల పాతది సిరంజితోని గుంజేసి, కింద నుంచి కూడ కొంచెం వదిలేసినంక ఎక్కిస్తే ఏం గాదు. కొత్త సిలిండర్ ఏసినప్పుడైతే అండ్ల మడ్డి ఎక్కడుంటది?

ఆటోనగర్_బాబాయ్ (బెజవాడ):
కొత్త సిలిండర్ అయితే సరే. పాతదానికి మాత్రం ఒప్పుకోను.

డల్లాస్_సివిక్:
ఇద్దరూ వదిలేసినది ఒకటి. ఎకోస్పోర్ట్ లాంటి లోపలి సిలిండర్‌కి బ్లీడ్ చేసే చోటు చాలా బండ్లలో ప్లాస్టిక్‌ది. ఇనుప నిపుల్‌లా బలం చూపిస్తే విరుగుతుంది. గేర్‌బాక్స్ బయట ఉన్నప్పుడు పెడల్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. ఎదురుగా ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని అదిమి పట్టేది) లేకపోతే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది, కొత్త సిలిండర్ అక్కడికక్కడే పోతుంది. బండిలో పిల్లలు ఎక్కి ఆడుకునే ఇళ్లలో ఆ పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి.

కొండాపూర్_ఎకో:
చూశాను. పెడల్ దగ్గర పొడిగా ఉంది. బెల్ హౌసింగ్ కింద తడి. నీళ్లలో వేస్తే కలిసిపోయింది. అంటే లోపలి సిలిండరే కదా? గేర్‌బాక్స్ దింపక తప్పదన్నమాట. మరి క్లచ్ ప్లేటు జారడం లేదు. బండి 68 వేలు తిరిగింది. సిలిండర్ ఒక్కటీ మారిస్తే చాలదా?

గుంటూరు_మిర్చి:
చాలదా అంటే చాలు. బాగున్న ప్లేటుని ఎందుకు పారేయాలి?

రిటైర్డ్_ఫోర్‌మన్:
గేర్‌బాక్స్ దింపే కూలీ ఒకటే కాబట్టి సెట్ మొత్తం మార్చమనడంలో న్యాయం ఉంది. కాకపోతే విప్పి చూశాక నిర్ణయించు. ప్లేటు మీద రివెట్ల తలల పైన మందం ఎంత ఉందో చూస్తే తెలుస్తుంది. సిలిండర్ నుంచి కారిన ఆయిల్ ప్లేటుకి తగిలి ఉంటే మాత్రం ఆలోచించకు. ఆ ప్లేటుని కడిగినా లాభం లేదు, అదురుతూనే ఉంటుంది. లోపలి దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదనివ్వకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవాలి.

కొండాపూర్_ఎకో:
సరే. గేర్‌బాక్స్ దింపడం ఇంట్లో పెట్టుకోను. సెక్రటరీ గారి సెల్లార్‌కి ఏ గొడవా లేదు. కానీ ఫోర్డ్ వాళ్లు ఇండియాలో తయారీ ఆపేస్తున్నామని 2021లో ప్రకటించాక పార్ట్స్ విషయంలో నాకు నమ్మకం తక్కువ. సిలిండర్, ప్లేటు, ప్రెషర్ ప్లేటు నేనే కొని తీసుకెళ్తా, వాళ్లు బిగించాలి. ఎయిర్ తీసేటప్పుడు నేను పక్కనే ఉంటా.

డల్లాస్_సివిక్:
బావమరిది పాపం. రెండు రోజుల పనికి ఇంత భయమా.

ఆటోనగర్_బాబాయ్ (బెజవాడ):
పార్ట్స్ నువ్వు తెస్తే పనికి గ్యారంటీ ఎవరూ ఇవ్వరు, ముందే చెప్తున్నా. రేపు సిలిండర్ కారితే సరుకు లోపమా, బిగింపు లోపమా అని నువ్వూ వాళ్లూ కొట్టుకుంటారు, మళ్లీ దింపే కూలీ నీ జేబులోంచే పోతుంది. సరుకు వాళ్లనే తెమ్మను. డబ్బాలు నీ ముందే తెరవమను, పాత ముక్కలు ఇంటికి తెచ్చుకో. బండి తీసుకునేటప్పుడు ఇంజన్ ఆన్‌లో పెట్టి, బ్రేకు మీద కాలుంచి, క్లచ్ నిమిషం సేపు పూర్తిగా తొక్కి పట్టుకుని, అప్పుడు రివర్స్ వెయ్యి. గర్రుమంటే లైన్లో గాలి ఇంకా ఉన్నట్టే, బండి అక్కడే వదిలెయ్.

ఓరుగల్లు_ఇన్నోవా:
బావమరిదిని నా దగ్గరికి పంపు అన్నా. ఇన్నోవా మాస్టర్ సిలిండర్ కూడ కారుతున్నట్టుంది.