వేరే సంవత్సరం కారు సీట్లు మన కారుకు బిగించుకోవచ్చా?

పాతరథం:
నా కారు 2013లో తయారైంది. డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు చిరిగి ఫోమ్ బయటికి వచ్చేసింది. గంట నడిపితే నడుము పట్టేస్తోంది. పాత విడిభాగాలు అమ్మేచోట ఇదే మోడల్‌కు చెందిన 2017 నాటి తోలు సీట్లు రెండు, ముందువి, జతగా ఉన్నాయి. బంపరు, దీపాలు మార్చి తెచ్చిన తర్వాతి బండివి అవి. నాలుగు బోల్టులే కదా, పూట పని అంటున్నాడు మెకానిక్. ఇంట్లోవాళ్లకేమో అవి గుద్దుకున్న కారువేమోనని అనుమానం. తీసుకోమంటారా?

స్పానర్:
నిస్సంకోచంగా తీసుకోండి. నేను ఇదే పని చేసి ఆరేళ్లయింది. బంపరు మారినంత మాత్రాన కారు అడుగు రేకు మారదు. ఒకే తరం బండి అయితే సీటు పట్టాల కొలతలు, బోల్టు రంధ్రాలు సాధారణంగా అవే ఉంటాయి. తరం మారితే మాత్రం ఆశ వదులుకోండి, పేరు ఒకటే అయినా అది వేరే కారు. నా సీట్లకు వేడిచేసే తీగలు కూడా ఉండేవి. నా కారులో వాటికి చోటు లేదు కాబట్టి చుట్టచుట్టి కట్టేశాను. ఇంతవరకు ఒక్క ఇబ్బంది లేదు. ఇక్కడ కొందరికి తాడు కనిపిస్తే పాము అనడం అలవాటు, ఇప్పుడు వస్తారు చూడండి.

ఎర్రదీపం:
వచ్చాను. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థల మరమ్మతే నా పని కాబట్టి పాములను రోజూ చూస్తూనే ఉంటాను.

పాతరథం గారూ, బోల్టులు కలుస్తాయా అన్నది ఆఖరి ప్రశ్న. ముందు సీటు కిందికి వంగి చూడండి. పసుపు రంగు కనెక్టర్ ఉంటే ఆ సీటులో పేలుడు మందు ఉన్నట్టే లెక్క. వీపు ఆనించే భాగంలో పక్క ఎయిర్‌బ్యాగ్ ఉండవచ్చు. ఢీకొన్న క్షణంలో బెల్టును బిగించి లాగే యంత్రం బకిల్ మొదట్లో ఉండవచ్చు. వాటిని పేల్చే తీగ నిరోధం రెండు మూడు ఓమ్‌లు మాత్రమే. కంట్రోల్ యూనిట్ దాన్ని ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉంటుంది. లెక్క తప్పితే డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు ఆ ఒక్క ఎయిర్‌బ్యాగే కాదు, చాలా కార్లలో మిగిలినవి కూడా పనిచేస్తాయన్న భరోసా ఉండదు.

దీపం ఆర్పడానికి ఆ తీగల మధ్య చిన్న రెసిస్టర్ పెట్టి పంపే మహానుభావులు ఉన్నారు. అంటే ఎయిర్‌బ్యాగ్ లేనిచోట ఉందని కారుకు అబద్ధం చెప్పడం. ఆ కారును రేపు కొనుక్కునేవారికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

స్పానర్:
ఆ రెసిస్టర్ పనిని నేనూ సమర్థించను. కానీ మీరు చెప్పినవన్నీ తీగల సంగతులు. నా కారులో పక్క ఎయిర్‌బ్యాగులే లేవు, సీటు కింద బెల్టు హెచ్చరిక తీగ ఒక్కటే. అలాంటి కార్లు రోడ్డు మీద లక్షల్లో ఉన్నాయి. వాటన్నిటికీ ఒకే భయం అంటగట్టడం న్యాయమా? పైగా ఇది పాత సీటు అంటున్నారు కానీ ఆయన ఇప్పుడు కూర్చుంటున్నది 2013 నాటిది. ఏది పాత, ఏది కొత్త?

ఎర్రదీపం:
ఎయిర్‌బ్యాగ్ లేని సీటు విషయంలో మీరు అన్నది ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. సీటు అంటే కుర్చీ కాదు. చాలా కార్లలో బెల్టు బకిల్‌ను సీటు చట్రానికే బిగిస్తారు. వాహన భద్రతకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 17వ నిబంధన, అమెరికా 207వ ప్రమాణం సీటు బిగింపు తన బరువుకు 20 రెట్ల బలాన్ని తట్టుకోవాలంటాయి. 25 కిలోల సీటు అనుకోండి, 500 కిలోల బరువు లాగినట్టు. దానికి తోడు బెల్టులో ఉన్న మనిషి భారంలో కొంత ఆ బకిల్ గుండా అదే చట్రం మీద పడుతుంది. కాబట్టి పట్టాలు వంకర పోలేదని, వెల్డింగ్ చీలలేదని చూడాలి. రంధ్రం అరంగుళం పక్కకు ఉందని దాన్ని పెద్దది చేయడం, దొరికిన బోల్టు పెట్టి తోయడం కుదరదు. ఆ బోల్టులు గట్టి ఉక్కువి. వాటిని ఎంత బిగించాలో తయారీదారు లెక్క కట్టి ఇస్తాడు, టార్క్ రెంచ్‌తో అంతే బిగించాలి.

డ్రైవర్ పక్క సీటుది ఇంకో కథ. కూర్చున్నది పెద్దవారా, చిన్నపిల్లలా, ఎవరూ లేరా అని గుర్తించే సెన్సర్ చాలా కార్లలో ఆ సీటులోనే ఉంటుంది. ముందు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవాలా వద్దా అన్నది దాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో 2003 నుంచి 2006 మధ్య కొత్త కార్లన్నిటికీ ఈ తరహా నిబంధన దశలవారీగా వచ్చింది. ఈ సెన్సర్ రకాల్లో కొన్నిటిలో ఫోమ్, సెన్సర్, దాని యూనిట్ మూడింటినీ కలిపి తూకం సరిచేసి ఒకే సెట్‌గా ఇస్తారు. ఫోమ్ ఒకచోటిది, యూనిట్ ఇంకోచోటిది పెడితే అది పిల్లవాణ్ని పెద్దమనిషి అనుకోవచ్చు. ఇక్కడ నేను ఒక్క మెట్టు కూడా దిగను.

కుట్టుమిషన్:
సీట్లు కుట్టడం మా వృత్తి, అందుకని స్వార్థంతో అంటున్నానని అనుకున్నా పరవాలేదు. ఒక అంచు చిరిగిందని రెండు సీట్లు కొనడం ఎందుకు? ఫోమ్ కొత్తది పెట్టించి, ఆ ఒక్క ముక్క మార్చి కుట్టిస్తే పని అయిపోతుంది, చట్రం, తీగలు, బకిల్ అన్నీ మీవే ఉంటాయి. తోలు మెరుపు చూసి మోసపోవద్దు, పైన పటారం, లోన లొటారం అయిన సీట్లు నా చేతికి ఎన్ని వచ్చాయో. కిందికి తిప్పితే పట్టాల్లో ఒండ్రు మట్టి, స్ప్రింగులకు తుప్పు. అంటే వరద నీట మునిగిన బండిది. అలాంటి సీటును ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

ఒక జాగ్రత్త. పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటు కవరుకు ఒక అంచున కుట్టు కావాలనే బలహీనంగా వేసి ఉంటుంది, బ్యాగ్ అక్కడే చీల్చుకుని రావాలి. తెలియనివారు దాన్ని గట్టి దారంతో రెండు వరసలు కుట్టేస్తారు. మీకు చిరిగింది కూడా తలుపు వైపే కాబట్టి ఈ సంగతి తెలిసినవారికే ఇవ్వండి.

పాతరథం:
ఇవాళ వెళ్లి సీట్లు తిప్పి చూశాను. నా డ్రైవర్ సీటు కింద రెండు కనెక్టర్లు, అందులో ఒకటి పసుపు. అక్కడి డ్రైవర్ సీటు కింద నాలుగు, రెండు పసుపు. బోల్టుల కొలత మాత్రం సరిగ్గా కలిసింది, స్పానర్ గారు చెప్పినట్టే. మట్టి లేదు, తుప్పు లేదు. కానీ రెండు బకిళ్లూ నా కారువాటి కంటే దాదాపు నాలుగు వేళ్ల మందం కిందికి ఉన్నాయి. అమ్మే ఆయన "ఆ సంవత్సరం మోడల్ అంతే" అన్నారు.

ఎర్రదీపం:
బకిల్ కింద ముడతల తొడుగు ఉంటుంది. అది నొక్కుకుపోయి ఉందా?

పాతరథం:
ఫోటో చూసుకున్నాను. రెండింటిదీ నొక్కుకుపోయే ఉంది.

ఎర్రదీపం:
అయితే బెల్టు బిగించే యంత్రం పేలిపోయింది. దాని పని ఒక్కసారే, తర్వాత బకిల్ కిందే ఉండిపోతుంది. ఆ కారు ఎక్కడో గట్టిగానే గుద్దుకుంది.

స్పానర్:
ఈ జత వద్దు, సరే. కానీ ఒక్క మాట గమనించండి. ఇది పనికిరాకపోయింది దెబ్బ తిన్నందువల్ల, 2017 నాటిది అయినందువల్ల కాదు. 2013 నాటి సీటే అయినా అంతే. దెబ్బ తినని జత, అవే కనెక్టర్లతో దొరికితే సంవత్సరం వేరైనా బిగించుకోవచ్చన్న నా మాట నా మాటే.

ఎర్రదీపం:
డ్రైవర్ సీటు వరకు ఒప్పుకున్నాను. పక్క సీటు విషయంలో లేదు. బిగించే ముందు రెండు కార్ల విడిభాగాల నంబర్లు కలుస్తున్నాయో చూడాలి, బ్యాటరీ తీసేసి కారు పుస్తకంలో రాసినంతసేపు ఆగాకే పసుపు కనెక్టర్ ముట్టుకోవాలి. ఓమ్ మీటర్ దాని దగ్గరికే తీసుకెళ్లకూడదు, ఆ కాస్త కరెంటుకే పేలే ప్రమాదం ఉంది.

పాతరథం:
జత వదిలేశాను. ప్రస్తుతానికి ఫోమ్ మార్పించి ఆ అంచు కుట్టిస్తాను. కుట్టుమిషన్ గారూ, కుట్టేవారికి ఆ బలహీనమైన కుట్టు గురించి నిజంగా తెలుసో లేదో బయటపడాలంటే ఏమని అడగాలి?

కుట్టుమిషన్:
ఏమీ చెప్పకుండా సీటు ముందు పెట్టి, "ఈ వైపు ఏ దారం వేస్తారు?" అని అడగండి. ముందుగా ఆ అంచున ఎయిర్‌బ్యాగ్ చీటీ ఉందేమోనని వెతికితే ఇవ్వండి. "గట్టిది వేస్తాం, పదేళ్లు ఊడదు" అంటే సీటు తిరిగి తెచ్చేసుకోండి.