కాకినాడలో ఓడకు బియ్యం ఎక్కించే పనికి మా బావమరిది పోతున్నాడు. ఏం చూసుకోవాలి?

మిర్యాలగూడ హమాలీ:

అందరికీ నమస్తే. నేను మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో పద్నాలుగేళ్లుగా హమాలీ పని చేస్తున్నా. మా బావమరిదికి ఇరవై రెండేళ్లు, నిరుడు నాతోనే బస్తాలు మోశాడు. ఇప్పుడు మా ఊరి ముఠా మేస్త్రి ఎనిమిది మందిని కాకినాడ తీసుకెళ్తానంటున్నాడు. ఓడ ఒడ్డుకు రాదట. సముద్రంలోనే లంగరేసి ఉంటే బార్జీలో బియ్యం తీసుకుపోయి ఎక్కించాలట. కూలి ఇక్కడికంటే నయం.

మా అత్తమ్మ టెన్షన్ అంతా నీళ్ల గురించే. వాడేమో "చిన్నప్పటి నుంచి సాగర్ ఎడమ కాల్వలో ఈదినోణ్ని, నాకేం భయం" అంటాడు. నా అనుమానం వేరే. లారీకి ఎక్కించేటప్పుడు మాకు రూల్స్ అంటూ ఏం లేవు. చెక్క మీద కాలు జారొద్దు, నెట్టులో కింది బస్తా లాగొద్దు, అంతే. ఓడ పనికి చట్టాలే ఉన్నాయని విన్నా. 2025 మార్చిలో మన తెలంగాణ బియ్యం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్ పోయిందని పేపర్లో చూసి సంతోషపడ్డా గానీ, ఆ బస్తాలు ఎవరు ఎక్కించారో అప్పుడు ఆలోచించలేదు. మేస్త్రిని ఏం అడగాలి? ఆ పని చేసినవాళ్లుంటే చెప్పండి.

మక్తల్ పాతకాపు:

తమ్మీ, మాది మక్తల్ దిక్కు. పడమటి ఒడ్డున ఒక రేవులో తొమ్మిదేళ్లు ఓడ పని చేసి, నడుము పోయి ఊరికొచ్చాను.

బస్తా మోయడం మీవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ గండం నెత్తి మీద వేలాడుతుంటుంది. స్లింగులో, అంటే క్రేన్‌కు వేలాడే తాళ్ల కట్టులో, ముప్పై బస్తాలు కడితే పదిహేను క్వింటాళ్లు గాల్లో ఊగుతుంటాయి. దాని కింద నిలబడొద్దని చిన్నపిల్లవాడికైనా తెలుసు. కానీ మిట్టమధ్యాహ్నం ఆ నీడే చల్లగా ఉంటుంది. నేనూ నిలబడ్డాను.

ఆ రోజు సిగ్నల్ ఇచ్చేవాడు చాయ్‌కి పోయాడు. ఓడల మీద పాతకాలం నుంచీ ఉన్న మాటలు రెండు: ఆర్యా అంటే దించు, హబీస్ అంటే ఎత్తు. మా ముఠాలోనే ఒకడు ఆర్యా అన్నాడు, ఇంకొకడు హబీస్ అన్నాడు. క్రేన్ డ్రైవర్ ఎవరి మాట వినాలి? స్లింగు హ్యాచ్ (సరుకు లోపలికి దించే పెద్ద ద్వారం) అంచుకు తగిలి ఒరిగింది. ఆరు బస్తాలు జారాయి. ఒకటి నాకు జానెడు దూరంలో పగిలి, చక్కెర నా మోకాళ్ల దాకా పోసింది. సాయంత్రం వరకు చీమలు వదల్లేదు. ఇప్పుడు నవ్వుతాను గానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

కాబట్టి ముందు అడగాల్సింది సిగ్నల్ ఎవరు ఇస్తారని. ఒక్కడే ఇవ్వాలి, డ్రైవర్‌కూ హోల్డులో, అంటే ఓడ లోపల సరుకు నింపే గదిలో, ఉన్నవాళ్లకూ కనిపించేచోట ఉండాలి. "ఆపు" అన్న మాట మాత్రం ఎవరన్నా సరే, డ్రైవర్ ఆపాల్సిందే.

రెండోది క్రేన్. దాని చేతి మీద ఎస్‌డబ్ల్యూఎల్ (భద్రంగా ఎత్తగల బరువు) అని రాసి పక్కన టన్నులు వేస్తారు. అది దాటి ఒక్క బస్తా ఎక్కువైనా కట్టకూడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 152వ ఒప్పందం ప్రకారం ఓడ క్రేన్‌ను ఏడాదికోసారి క్షుణ్ణంగా చూడాలి, అయిదేళ్లకోసారి బరువు పెట్టి పరీక్షించాలి. ఆ సర్టిఫికెట్ ఓడలోనే ఉంటుంది. కూలీవాడు అడిగితే చూపిస్తారా అంటే, చూపించరు. మేస్త్రితో అడిగించండి. స్లింగు తాడు మాత్రం మీవాడే రోజూ పొద్దున చేత్తో తడిమి చూసుకోవాలి. దారాలు లేచిందంటే పక్కన పడేయాలి.

తలకు గోనె చుట్టుకుంటే హెల్మెట్ అయిపోదు. చెప్పులతో బార్జీ ఎక్కనీయకండి.

నల్లగొండ గోదాం:

పెద్దాయన బరువు గురించి చెప్పారు, నేను గాలి గురించి చెప్తాను. మన గోదాముల్లో నెట్టుకు కవరు కప్పి పురుగుల మందు బిళ్లలు పెడతాం కదా, అల్యూమినియం ఫాస్ఫైడ్. దానికి తేమ తగిలి ఫాస్ఫీన్ అనే విషపు గ్యాస్ వస్తుంది. ఓడ నిండాక హోల్డులోనూ అదే మందు పెట్టి హ్యాచ్ మూసేస్తారు. కొక్కెం మరిచిపోయానని మళ్లీ దిగితే ఇక అంతే. వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వస్తే ఆలోచించకుండా బయటికి రావాలి. వాసన రాలేదు కదా అని ధైర్యపడొద్దు, స్వచ్ఛమైన ఫాస్ఫీన్‌కు వాసనే ఉండదు.

మందు లేకపోయినా మూసి ఉన్న హోల్డును నమ్మకూడదు. బొగ్గు, కలప లాంటివి లోపలి ఆక్సిజన్‌ను తినేస్తాయి. బయటి గాలిలో 20.9 శాతం ఉంటుంది, మీటరు పెట్టి లోపలా అంతే ఉందని చూశాకే దిగాలి. ఒకడు పడిపోతే కాపాడదామని దిగినవాడూ పడిపోతాడు. పైనుంచి పిలవాలి తప్ప దిగకూడదు.

మిర్యాలగూడ హమాలీ:

బిళ్లల సంగతి మాకు తెలిసిందే గానీ ఓడలోనూ అదేనని తెలియదు. మరి ఈత?

మక్తల్ పాతకాపు:

కాకినాడకు హోప్ ఐలాండ్ అడ్డుంది కాబట్టి నీళ్లు కాస్త నెమ్మదే. అయినా బార్జీకీ ఓడకూ మధ్య పడితే ఈత ఏం చేస్తుంది? అల ఒకసారి లేపితే రెండు ఇనుప గోడల మధ్య నలిగిపోతాడు. నిచ్చెన మీద ఒక్కొక్కరే ఎక్కాలి, లైఫ్ జాకెట్ వేసుకుని.

దేవరకొండ వకీలు:

చట్టం మాట ఒకటి. డాక్ కార్మికుల భద్రతకు 1986లో చట్టం, 1990లో రెగ్యులేషన్స్ వచ్చాయి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పనిలో పెట్టుకున్నవాళ్లు నియామక పత్రం ఇవ్వాలి. ఇంకో సంగతి, 2014కు ముందు కాకినాడ పోతే మన రాష్ట్రంలోనే తిరిగినట్టు. ఇప్పుడు మీవాడు వేరే రాష్ట్రానికి వలస పోయినట్టు లెక్క. కాగితం లేకుండా బస్ ఎక్కనీయకండి. రేపు ఏదైనా అయితే అతను అక్కడ పనిచేశాడని రుజువు చేసేది అదే.

మిర్యాలగూడ హమాలీ:

అందరికీ దండాలు. ఇప్పుడే మేస్త్రికి ఫోన్ చేశా. సిగ్నల్ ఎవరిస్తారంటే "నేనే" అన్నాడు. కాగితం సంగతి కాంట్రాక్టర్‌ను అడుగుతానన్నాడు. లైఫ్ జాకెట్లు అంటే "అక్కడ ఉంటాయిలే" అన్నాడు. ఎన్ని ఉంటాయని అడిగా. కనుక్కుని మళ్లీ చేస్తానన్నాడు, ఇంకా చేయలేదు. బస్ శుక్రవారం రాత్రికి.