ఉచితంగా సైకిళ్లు బాగుచేసే మా షెడ్డు వీధి మెకానిక్ పొట్ట కొడుతోందా?

షెడ్డు మనిషి, కాకినాడ

రెండేళ్లుగా ఆదివారం పొద్దున ఏడు నుంచి పదకొండు వరకు మేం ఐదుగురం కలిసి ఒక రేకుల షెడ్డులో సైకిళ్లు బాగుచేస్తున్నాం. మాకు జీతాలు లేవు, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టి పడి ఉన్న సైకిళ్లు అడిగి తెచ్చుకుంటాం. మూడు పాత సైకిళ్లు విప్పితే ఒక మంచి సైకిల్ తయారవుతుంది. అది సైకిల్ లేని పిల్లలకు ఇస్తాం. దాంతోపాటు ఎవరు ఏ సైకిల్ తెచ్చినా పంక్చర్, బ్రేకులు, చైను, రిమ్ము బెండు, ఏ పనైనా ఉచితమే.

మా వీధి చివర ఒక సైకిల్ షాపు ఉంది. అరవై దాటిన పెద్దాయన నడుపుతారు. పోయిన ఆదివారం ఆయన మా షెడ్డు దగ్గరికి వచ్చి కాసేపు నిలబడ్డారు. మా కుర్రాడు వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ విప్పుతూ బాల్స్ అన్నీ కింద పారబోసుకుంటే ఆయనే వంగి ఏరి ఇచ్చారు. వెళ్తూ ఒక్క మాట అన్నారు: "ఆదివారం పూట నాలుగు పంక్చర్లు, ఒక ఓవర్‌హాలింగ్ వచ్చేవండి బాబూ. ఇప్పుడు అందరూ ఇటే వస్తన్నారు." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

మాలో ఇద్దరు రిపేర్లు పూర్తిగా ఆపేద్దాం అంటున్నారు. ఒకరు ఎంతో కొంత డబ్బు తీసుకుందాం అంటున్నారు. మిగిలిన ఆయన, డబ్బు తీసుకుంటే సేవ ఎలా అవుతుందని అడుగుతున్నారు. నాకు ఎటూ తేలడం లేదు. మీరేమంటారు?

మెకానిక్ కొడుకు, హైదరాబాద్

ఆపేయండి. కనీసం పంక్చర్లు ఆపేయండి.

మా నాన్న ముప్పై ఏళ్లు సైకిల్ షాపు నడిపారు. ఒకప్పుడు గంటకింత అని అద్దె సైకిళ్లు ఉండేవి. వేసవి సెలవుల్లో షాపు తెరవకముందే పిల్లలు వచ్చి కూర్చునేవాళ్లు. అది పోయింది. మోటార్‌సైకిళ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాక ఆ పంక్చర్లూ తగ్గాయి. ఇక మిగిలింది పాలబ్బాయి, వాచ్‌మన్, బడిపిల్లలు. ఆ మిగిలిన బేరాన్నే మీరు ఉచితంగా చేస్తున్నారు.

పంక్చర్ అంటే ఎంత పనో మీకూ తెలుసు. ట్యూబు తీసి, గాలి కొట్టి, నీళ్ల బేసిన్‌లో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి ప్యాచ్ వేయాలి. తర్వాత టైరు లోపల వేలితో తడిమి ముల్లు వెతకాలి. లేకపోతే వీధి దాటకముందే మళ్లీ పంక్చర్. ఇంత పనికి 30 రూపాయలు అడిగితే "ఇరవై తీసుకో" అని బేరమాడతాం. పక్క వీధిలో ఊరికే చేస్తుంటే ఆ ఇరవై కూడా ఎక్కువనిపిస్తుంది. మీరు ఆదివారం తీరిక దొరికి చేస్తున్నారు. ఆయనకు బేరం ఉండేదే ఆదివారం.

హైస్కూలు టీచర్, కోనసీమ

తమ్ముడూ, మీ నాన్నగారి కష్టం అర్థమైంది. కానీ మీ మాట టౌనుకు సరిపోతుంది. మా ఊళ్లో సైకిల్ షాపే లేదు. ఉన్న ఒక్కటీ మూసి చాలా కాలమైంది.

ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద గవర్నమెంటు బళ్లలో ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు గుర్తుందా? బీహార్‌లో అయితే 2006 నుంచే తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇచ్చే పథకం ఉంది. సైకిల్ ఇచ్చిన రోజు ఫొటోలు దిగుతారు. ఆర్నెల్లకు చైను వదులై, పెడల్ ఊడి, బ్రేకు రబ్బర్లు అరిగిపోతే పట్టించుకునేవాళ్లు ఉండరు. నా క్లాసులో ఒక పిల్ల మూడు కిలోమీటర్ల నుంచి వచ్చేది. వెనక టైరు చిరిగితే సైకిల్‌ని వాళ్ల గోడకు ఆనించి పెట్టింది. నడిచి వస్తూ రోజూ మొదటి పీరియడ్ పోగొట్టుకునేది. తర్వాత వారానికి రెండు రోజులు మానేయడం మొదలైంది. టైరు మార్చడానికి ఇంట్లో డబ్బు లేదు, తీసుకెళ్లే మనిషీ లేడు. ఆ పిల్లకు ఉచితంగా చేస్తే ఏ మెకానిక్ పొట్ట కొట్టినట్టు?

పుదుక్కోట్టై సంగతి వినే ఉంటారు. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో, షీలా రాణి చుంకత్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు, అక్షరాస్యతా ఉద్యమంతో పాటే ఊరూరా ఆడవాళ్లకు సైకిల్ తొక్కడం నేర్పారు. వేల మంది నేర్చుకున్నారు. సైకిల్ ఆడపిల్లకు ఎంత దూరం తెచ్చిపెడుతుందో అక్కడ చూశారు. అది గోడకు ఆనించి ఉంటే ఏ దూరమూ రాదు.

మెకానిక్ కొడుకు, హైదరాబాద్

మేడం, ఆ పిల్లకు చేయొద్దని నేననలేదు. కాకినాడ షెడ్డుకు వచ్చేవాళ్లలో అలాంటి పిల్లలు ఎందరో వాళ్లనే చెప్పమనండి.

షెడ్డు మనిషి, కాకినాడ

నిజం చెప్పాలి. ఆదివారానికి పది పన్నెండు సైకిళ్లు వస్తాయి. వాటిలో సగం అపార్ట్‌మెంట్ల వాళ్లవే, గేరు సైకిళ్లు. ఒకరిద్దరు కారులో పెట్టుకుని తెస్తారు. డబ్బు లేక వచ్చేవాళ్లు ముగ్గురో నలుగురో. ఇలా లెక్క వేసుకోవడం ఇదే మొదటిసారి.

లాస్ ఏంజెలెస్ నుంచి ఒక తెలుగువాడు

ఇక్కడ బైసికిల్ కిచెన్ అని ఉంది. 2002లో ఒక అపార్ట్‌మెంట్ వంటగదిలో మొదలైంది కాబట్టి ఆ పేరు. వాలంటీర్లను వంటవాళ్లనే పిలుస్తారు. వచ్చిన మొదటి ఏడాది నా సైకిల్‌కి గేర్లు పడక అక్కడికి తీసుకెళ్లాను. వదిలేసి సాయంత్రం వచ్చి తీసుకుపోవచ్చనుకున్నా. సైకిల్‌ని స్టాండుకు తగిలించి, పానా నా చేతిలో పెట్టారు. వాలంటీరు పక్కన నిలబడి చెప్పింది, పని మొత్తం నేనే చేశాను. రెండు గంటలు పట్టింది. డబ్బు ఇవ్వగలిగితే ఇవ్వమంటారు, లేదని ఎవరినీ తిప్పి పంపరు.

మీ షెడ్డుకీ ఈ ఒక్క నియమం పెట్టుకోండి: మీ సైకిల్ మేం బాగుచేయం, మీతో చేయిస్తాం. కారులో తెచ్చేవాళ్లలో చాలామంది ఆ రెండు గంటలు కూర్చోరు, నేరుగా షాపుకి పోతారు. నేర్చుకోవాలనుకున్నవాళ్లే మీ దగ్గర మిగులుతారు.

ఏలూరు రైడర్

అమెరికాలో మెకానిక్ కూలి చాలా ఎక్కువ కాబట్టి మనిషి తన సైకిల్ తానే బాగుచేసుకోవడంలో అర్థం ఉంది. మన దగ్గర పని తెలిసిన మనిషి ఉన్నాడు, అడిగేదీ తక్కువే. ఆయన్ని పక్కన పెట్టి అందరం పానాలు పట్టుకోవడం దేనికి?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిల్ ఉంది. వాటిని ఇన్నాళ్లు నడిపించింది చెట్ల కింద కూర్చున్న ఇలాంటి మెకానిక్‌లే. చదువుకున్నవాళ్లం ఆదివారం చేతికి గ్రీజు పూసుకుంటే అందరూ మెచ్చుకుంటారు, పేపర్లో ఫొటో వేస్తారు. అదే గ్రీజుతో నలభై ఏళ్లు బతికిన ఆయన్ని "ఏయ్, గాలి కొట్టు" అని పిలుస్తారు. నాకు దీని మీదే కోపం. మీ మీద కాదు.

పదిహేను నంబరు పానా, విజయవాడ

డబ్బు సంగతి తర్వాత. సైకిల్ మీద ఎక్కే పిల్ల ప్రాణం సంగతి ముందు మాట్లాడండి.

నేనూ ఇలాంటి గుంపులో ఏడాది పనిచేశాను. కొత్తగా వచ్చిన ఒకతను ముందు చక్రం నట్లు చేత్తో తిప్పి, పానాతో బిగించడం మర్చిపోయాడు. గేటు దగ్గరే చక్రం కదిలింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని తెలియక బలవంతంగా బిగించి, పెడల్‌ని పట్టి ఉంచే క్రాంకు మరలు చెడగొట్టినవాళ్లున్నారు. క్రాంకుని ఇరుసుకు బిగించే కాటర్ పిన్నుని సుత్తితో నాలుగు బాది, కూర్చుందనుకుని పంపేస్తారు. మర్నాటికి పెడల్ టక్ టక్ మంటుంది. మెకానిక్ దగ్గరికైతే రేపు వెళ్లి అడగొచ్చు, ఆయన అక్కడే ఉంటాడు. మీ షెడ్డు మళ్లీ వచ్చే ఆదివారం దాకా తెరవరు.

ఆ తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి ఇది: రిపేరు చేసినవాళ్లు సైకిల్ అప్పగించకూడదు. ఇంకొకరు బ్రేకులు నొక్కి చూసి, చక్రాలు ఊపి, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూసి, అప్పుడు ఇవ్వాలి. ఆ ఇంకొకరు పని తెలిసినవాళ్లై ఉండాలి. మీ ఐదుగురిలో అలాంటివారు ఎంతమంది?

షెడ్డు మనిషి, కాకినాడ

ఒకరు. అదీ నేను కాదు.

అందుకే ఒకటి అనుకుంటున్నాం. పంక్చర్లు ఇక మేం వేయం, ఆయన షాపుకే పంపిస్తాం. ట్యూబులు, బ్రేకు రబ్బర్లు ఆయన దగ్గరే కొంటాం. ఆదివారం ఆయన్నే షెడ్డుకు పిలిచి నేర్పమని అడుగుతాం.

మెకానిక్ కొడుకు, హైదరాబాద్

పిలిస్తే కూలి ఇవ్వండి. శాలువా కప్పి, టీ ఇచ్చి పంపకండి. ఆదివారం షాపు మూసి వస్తే ఆయనకు ఎంత పోతుందో అంత, దానిపైన నేర్పినందుకు ఇంకొంత. డబ్బుకు చందాలు వేసుకోండి. మీరు ఐదుగురూ ఉద్యోగస్తులే కదా.

ఏలూరు రైడర్

ఒకరికి డబ్బిచ్చి మిగతావాళ్లు ఊరికే చేస్తే గుంపులో గొడవలు రావా? ఇది సందేహమే, వద్దనడం లేదు.

లాస్ ఏంజెలెస్ నుంచి ఒక తెలుగువాడు

రావాల్సిన పని లేదు. 2020లో కరోనా లాక్‌డౌన్ సడలించినప్పుడు ఫ్రాన్స్ ప్రభుత్వం మూలన పడ్డ సైకిళ్లను బయటికి తేవడానికి ఒక్కో సైకిల్ రిపేరుకు 50 యూరోల వరకు భరించింది. జనం మీద భారం తగ్గింది, డబ్బు మెకానిక్‌ల చేతికి వెళ్లింది. మీరు వీధి స్థాయిలో అదే చేయొచ్చు. డబ్బు లేని పిల్లకు చీటీ రాసివ్వండి. ఆయన రిపేరు చేస్తాడు, నెలాఖరుకు చీటీలు చూసి మీరు కట్టండి.

హైస్కూలు టీచర్, కోనసీమ

చీటీ ఆలోచన బాగుంది. కానీ పిల్లలకు పని నేర్పడం మాత్రం వదలకండి. చీటీ ఆ ఒక్క రిపేరుకే. చైను ఎక్కించడం వస్తే ఆ పిల్ల దారి మధ్యలో ఎవరి కోసమూ నిలబడక్కర్లేదు.

షెడ్డు మనిషి, కాకినాడ

నిన్న సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లాం. ఇక్కడ మనం ఇంత మాట్లాడుకున్నాం కానీ, రెండేళ్లలో ఆయన్ని ఒక్క మాట అడిగింది లేదు. ఆయన ముందు కూర్చున్నాక అది గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆదివారం రానన్నారు. "ఆదివారం నేనెందుకు వస్తానండి, బేరం పాడుచేసుకుని? బుధవారం సాయంత్రం ఖాళీయే. మీరే నా షాపుకాడికి రండి. పిల్లల్ని తీసుకురండి. పానాలు మాత్రం మీవి మీరే తెచ్చుకోండి, నావి ముట్టనివ్వను." చీటీలకు సరే అన్నారు. కూలి మాట ఎత్తితే "ముందు రండి, చూద్దాం" అన్నారు. ఎంతో చెప్పమని మళ్లీ అడిగాం. బుధవారానికి చెప్తానన్నారు.

ఇంకో సంగతి. మా సైకిళ్లు నాలుగు ఆయన దగ్గరికి మళ్లీ రిపేరుకి వచ్చాయట. మూడింటికి హబ్‌లో బాల్స్‌ని పట్టి ఉంచే కోన్లు అతిగా బిగించేశామని, బాల్స్ అరిగిపోయాయని చూపించారు. మార్చినందుకు ఆ పిల్లల దగ్గర డబ్బు తీసుకోలేదట. ఆ నాలుగింటి డబ్బు ఇచ్చి వచ్చాం.

ఆదివారం షెడ్డు ఇకమీదట పాత సైకిళ్లు విప్పి కొత్తగా కట్టడానికే. రిపేరుకి వచ్చేవాళ్లకు బుధవారం అని బోర్డు రాశాం.

హైస్కూలు టీచర్, కోనసీమ

బుధవారం సాయంత్రం ఎన్నింటికి? ఆడపిల్లల్ని పంపాలంటే చీకటి పడకముందు ఇల్లు చేరాలి. ఐదుకు మొదలుపెడితే అక్కడి టీచర్లతో నేను మాట్లాడతాను.

షెడ్డు మనిషి, కాకినాడ

నాలుగున్నరకు రమ్మన్నారండి.