కరెంటు, నిరోధం, సామర్థ్యం: ఈ మూడు మాటలతో మా ఇంట్లో వచ్చిన తంటా

ప్రశ్న:
మా పాపకి లెక్క చెప్తూ ఇరుక్కుపోయానండీ. 230 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ల ప్రవాహం ఉంటే హీటర్ నిరోధం (రెసిస్టెన్స్) ఎంత, సామర్థ్యం (పవర్) ఎంత అని. లెక్క ఈజీనే, 230ని 5తో భాగిస్తే 46 ఓములు, గుణిస్తే 1150 వాట్లు. కానీ అది ఊరుకోదుగా, "కరెంటు అంటే ప్రవాహం అయితే కరెంటు పోయింది అంటే ప్రవాహం పోయిందనా, సామర్థ్యం అంటే చేయగలగడం కదా, ఇక్కడ హీటర్ చేసేస్తోంది కదా" అని పట్టుకుంది. నాకు నోట మాట రాలేదు. పవర్‌కి సామర్థ్యం అన్న మాట సరైనదేనా, భాష తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
ముందు కరెంటు సంగతి చూద్దాం, అసలు గొడవంతా అక్కడే ఉంది. మనం ఆ ఒక్క మాటతో మూడు నాలుగు పనులు చేయించుకుంటున్నాం. "కరెంటు పోయింది" అంటే సప్లై పోయింది, అంటే వోల్టేజీ లేదు. "కరెంటు బిల్లు"లో ఉండేది శక్తి, యూనిట్ అంటే కిలోవాట్ గంట, 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. "కరెంటు ఎక్కువొచ్చి బల్బు మాడిపోయింది" అన్నప్పుడు ముందు పెరిగింది వోల్టేజీ, దాని వెనకాలే ప్రవాహం. ఏమీ గుచ్చని సాకెట్ చూపించి ఇందులో కరెంటుందా అంటే మనమంతా ఉంది, చెయ్యి పెట్టకు అంటాం, ఫిజిక్స్ మేష్టారు మాత్రం వోల్టేజీ ఉంది కరెంటు సున్నా అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు, మాట ఒకటే, అర్థాలు వేరు. పిల్లలకి ఆంపియర్లలో కొలిచేదాన్ని మాత్రం ప్రవాహం అనే చెప్పండి, లేకపోతే భాగహారంలో ఏది కిందకెళ్ళాలో ఏది పైనుండాలో ఎప్పటికీ కన్ఫ్యూజనే.

ఇంకొకరు:
సామర్థ్యం మాట మీద నాకూ మొదట్నుంచీ అసంతృప్తే. శక్తి అంటే ఎనర్జీ, సామర్థ్యం అంటే పవర్ అని బట్టీ పట్టించారు కానీ రెండోదానిలో "సెకనుకి ఎంత" అన్న వాసనే లేదు. వాట్ అంటేనే సెకనుకి ఒక జౌల్ కదా. మీ హీటర్నే తీసుకోండి. దాని మీద 1150 వాట్లు అని ముద్ర ఉంది, వోల్టేజీ 200కి పడిపోయింది అనుకుందాం. నిరోధం దాదాపు అదే 46, ప్రవాహం 4.35 ఆంపియర్లు, 200తో గుణిస్తే 870 వాట్లు. వోల్టేజీ ఎనిమిదో వంతు తగ్గితే వేడి పావు వంతు తగ్గింది, నీళ్ళు కాగడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఇప్పుడు చెప్పండి, హీటర్ సామర్థ్యం ఎంత? ముద్ర మీద ఉన్న 1150ని సామర్థ్యం అంటే మాట అతికినట్టు సరిపోతుంది, అది చేయగలిగింది. ఈ నిమిషంలో ఖర్చవుతున్న 870కి మాత్రం నా నోటికి పవర్ అనే వస్తుంది. మీ పాప అడిగింది ఇదే, చాలా మంచి ప్రశ్న.

ప్రశ్న అడిగినావిడ:
అబ్బ, ఇది చెప్తే దానికి వెంటనే ఎక్కుతుంది, థాంక్సండీ. ఇంకో డౌటు, నిరోధం పెరిగితే పవర్ పెరుగుతుందా తగ్గుతుందా? ఒక సూత్రంలో నిరోధం పైనుంది, ఇంకోదాన్లో కింద.

జవాబు:
ప్రవాహ వర్గం ఇంటూ నిరోధం ఒకటి, వోల్టేజీ వర్గం బై నిరోధం ఇంకోటి, రెండూ వోల్టేజీ ఇంటూ ప్రవాహం లోంచి వచ్చినవే. ఏది మారకుండా ఉందో చూసుకోవాలంతే. ఇంట్లో సాకెట్‌లో ఏ వస్తువు గుచ్చినా వోల్టేజీ దాదాపు మారదు కాబట్టి నిరోధం తగ్గితే పవర్ పెరుగుతుంది, 46 ఓములు 23 అయితే 2300 వాట్లు. ఒకే దారిలో వరుసగా కట్టిన వాటిలో ప్రవాహం ఒకటే, అక్కడ నిరోధం ఎక్కువున్నదే ఎక్కువ వేడెక్కుతుంది, అందుకే లూజు జాయింటు దగ్గరే వైరు నల్లబడుతుంది.

మాట విషయానికొస్తే నిరోధం కూడా కొంచెం మోసమే చేస్తుంది. రుధ్ ధాతువు అంటే అడ్డగించడం, దానికి ని చేరితే మామూలు వాడుకలో పూర్తిగా ఆపేయడం. మందులతో వ్యాధి నిరోధం అంటే రాకుండా ఆపడమే కదా. 1827లో ఓమ్ తన సూత్రం అచ్చేసినప్పటి నుంచీ ఈ భావం మాత్రం ఆపడం కాదు, ఇంత ప్రవాహానికి ఇన్ని వోల్టులు కట్టు అని వసూలు చేసే లెక్క. ఇక అవరోధం అందామా అంటే దాన్ని ఇంపిడెన్స్ తీసేసుకుంది. ఫ్యాను లాంటి మోటారు వస్తువుల్లో వోల్టేజీని ప్రవాహంతో భాగిస్తే వచ్చేది ఆ అవరోధమే, ఒట్టి నిరోధం కాదు, అక్కడ వాట్లు కావాలంటే వోల్టేజీ ఇంటూ ప్రవాహాన్ని పవర్ ఫ్యాక్టర్ అనే ఒకటి కంటే చిన్న అంకెతో కూడా గుణించాలి. పాపకి ఇప్పుడే చెప్పకండి, అడిగినప్పుడు చూద్దాం.

ప్రశ్న అడిగినావిడ:
అడిగేసిందండీ, ఫ్యాను గురించి కాదు, బల్బు గురించి. పాత ఫిలమెంట్ బల్బు 60 వాట్లది ఉంటే 230ని వర్గం చేసి 60తో భాగించి 882 ఓములు అని రాసుకుని, మల్టీమీటర్ పెడితే 65 దరిదాపు చూపించింది. మీటరు పాడైందని దాని బ్యాటరీ కూడా మార్చా, మళ్ళీ అంతే.

జవాబు:
మీటరు బంగారం లాంటిది, ఏం కాలేదు. మీరు కొలిచింది చల్లటి బల్బు, లెక్క కట్టింది వెలుగుతున్న బల్బు. టంగ్‌స్టన్ తీగ ఎర్రగా కాలి తెల్లబడేసరికి నిరోధం పదింతలు దాటి పెరుగుతుంది. స్విచ్ వేసిన ఆ క్షణంలోనే బల్బులు టప్పున ఎక్కువ పోయేది కూడా అందుకే, చల్లటి తీగలోకి ఒక్కసారిగా 3 ఆంపియర్లు పైన పోతాయి, మామూలుగా వెలిగేటప్పుడు పావు ఆంపియరే. పాపని ఆ రెండూ పక్కపక్కనే రాయమనండి, 65 కింద "చల్లగా", 882 కింద "వెలుగుతూ" అని.