ఐనార్ హాన్సన్ బతికుంటే టాకీల్లో నిలబడేవాడా?

పాతరీలు: స్వీడన్ మూకీ నటుడు ఐనార్ హాన్సన్ పేరు ఎత్తగానే అందరూ ఒకే పాట, 27 ఏళ్లకే కారు ప్రమాదంలో పోయాడు, లేకపోతే చాలా పెద్ద స్టార్ అయ్యేవాడు అని. నేను ఒప్పుకోను. ఆయన పోయింది 1927 జూన్‌లో, కాలిఫోర్నియాలో. అదే ఏడాది అక్టోబర్‌లో మాటలున్న సినిమా ‘ది జాజ్ సింగర్’ వచ్చింది, ఆ తర్వాత రెండు మూడేళ్లలో హాలీవుడ్‌లో మూకీల కథ ముగిసింది. స్వీడిష్ యాస ఉన్న హీరోకి ఇంక వేషాలెవరిస్తారు? అక్కడే ఉన్న మరో స్వీడిష్ నటుడు లార్స్ హాన్సన్ అంతటివాడే 1928లో స్వీడన్ వెళ్లిపోయాడు కదా.

తెరవెనుక: మరి స్వీడన్ నుంచే వచ్చిన నటి గ్రేటా గార్బో సంగతేంటండీ? 1930లో ‘అన్నా క్రిస్టీ’లో ఆవిడ మాట్లాడితే జనం ఎగబడి చూశారు. నటుడు నిల్స్ ఆస్టర్ కూడా స్వీడన్‌లో పెరిగినవాడే, 1933లో చైనా జనరల్‌గా వేశాడు. యాస ఉంటే విదేశీయుల వేషాలు వస్తాయి.

నీలిమబ్బు: మీరిద్దరూ జరగనిదాని గురించి వాదించుకుంటున్నారు, ఆయన చేసింది ఎవరూ చూడట్లేదు. 1923లో స్వీడిష్ దర్శకుడు స్టిల్లర్ తీసిన ‘గున్నార్ హేడెస్ సాగా’ చూడండి. స్వీడిష్ రచయిత్రి సెల్మా లాగర్‌లోఫ్ కథ, గున్నార్ వేషం ఐనార్‌ది. రెయిన్‌డీర్ మందను తోలుకొస్తుంటే అవి బెదిరి పరిగెడతాయి, ముందున్న జంతువుకి తాడుతో కట్టుకుని ఉన్న గున్నార్‌ని మంచులో ఈడ్చుకుపోతాయి, ఆ దెబ్బకి మతి పోతుంది. ఆ తర్వాత ఆ ఖాళీ కళ్లతో ఆయన ఎంత చేశాడో! మూకీల్లో పిచ్చివాడి వేషం అంటే చేతులు ఊపడమే అనుకునేవాళ్లు ఆ కాసేపు చూస్తే చాలు. 1924లో స్టిల్లర్ ఆయన్నీ గార్బోనీ కాన్‌స్టాంటినోపుల్ తీసుకెళ్లాడు, డబ్బు పెట్టే జర్మన్ కంపెనీ దివాలా తీసి ఆ సినిమా అక్కడే ఆగిపోయింది. అలా ఇద్దరూ బెర్లిన్‌లో దర్శకుడు పాబ్స్ట్ చేతికి చిక్కారు, ‘జాయ్‌లెస్ స్ట్రీట్’ వచ్చింది. ఇక హాలీవుడ్ ఏమిచ్చింది? ‘చిల్డ్రన్ ఆఫ్ డివోర్స్’లో క్లారా బో, గ్యారీ కూపర్ పక్కన ఒక రాకుమారుడి వేషం. అంతటి నటుడిని అందమైన ముఖంగా వాడుకున్నారు, నాకు కోపం అక్కడే.

పాతరీలు: పాబ్స్ట్ సినిమాలో మాత్రం ఏముంది? గార్బో వాళ్లింట్లో గది అద్దెకు తీసుకునే రెడ్ క్రాస్ లెఫ్టినెంట్, అంతే. ఆ సినిమా ఆస్టా నీల్సన్‌ది, గార్బోది. ఒక్క స్వీడిష్ సినిమా పట్టుకుని మహానటుడు అనేస్తే ఎలా?

నీలిమబ్బు: ఆ వేషం చిన్నదే, కాదనను. కానీ హాలీవుడ్‌లో స్టిల్లర్ దగ్గర మళ్లీ చేసిన ‘ది వుమన్ ఆన్ ట్రయల్’ ఆయన పోయాకే విడుదలైంది, ఇప్పుడు ప్రింటే లేదు. గురువు చేతిలో మళ్లీ ఎలా చేశాడో తేల్చుకునే దారి మీకూ నాకూ మూసుకుపోయింది. అందుకే ఉన్న ఆ ఒక్కదాన్నీ గట్టిగా పట్టుకుంటాను. ఇంకోటి, లార్స్ హాన్సన్ వెళ్లిపోయాడని మీరు ఓటమి లెక్కన చెప్పారు. ఆయన స్టాక్‌హోమ్ రాయల్ డ్రమాటిక్ థియేటర్‌లో ఏళ్ల తరబడి ఏలాడు, 1956లో యూజీన్ ఓనీల్ నాటకం ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’ ప్రపంచంలో మొదటిసారి అక్కడే ఆడితే తండ్రి పాత్ర ఆయనదే. ఐనార్‌కి కూడా హాలీవుడ్ ఒక్కటే దిక్కని మీరెందుకు అనుకుంటున్నారు?