బెంగళూరు పబ్బుల్లో సర్వీస్ చార్జ్: తీసెయ్యమని అడగడం తప్పా?

కడప కారం

పోయిన శనివారం తమ్ముడు కొత్త ఉద్యోగంలో చేరిన సందర్భంగా నలుగురం ఇందిరానగర్‌లో ఒక పబ్బుకి వెళ్లాం. పేరు రాయను, అడగొద్దు. ఏడున్నరకి వెళ్తే టేబుల్ దొరికేసరికి ఎనిమిదింపావు. కోడి రెక్కలు చల్లారిపోయి వచ్చాయి. పాటల మోతలో మూడుసార్లు అరిస్తే గానీ మంచినీళ్లు రాలేదు. కానీ మాకు వడ్డించిన కుర్రాడిది తప్పని అనను, పాపం ఏడెనిమిది టేబుళ్లు ఒక్కడే చూస్తున్నాడు.

బిల్లు ఇదీ: తిండి 3,260. బీరు 2,940 (పన్నుతో కలిపే అని మెనూలో ఉంది). సర్వీస్ చార్జ్ 10 శాతం, 620. జీఎస్టీ 194. మొత్తం 7,014.

"ఈ 620 తీసెయ్యండి" అన్నాను. కుర్రాడు మేనేజర్ని పిలుచుకొచ్చాడు. ఆయన "మెనూ చివర రాశాం కదా సార్, కంపల్సరీ" అన్నాడు. కంపల్సరీ కాదని నేను, మా పాలసీ అని ఆయన. పక్క టేబుళ్ల వాళ్లు ఇటు తిరిగి చూడటం మొదలెట్టారు. చివరికి తమ్ముడే "అన్నా, ఆరొందలకి పరువు తీస్తున్నావు" అని ఫోన్ తీసి కట్టేశాడు. ఇంటికొచ్చే దారిలో మరదలు ఇంకో మాట అంది: "ఆ డబ్బు ఆ పిల్లాడికే వెళ్లేదేమో బావగారూ."

అప్పట్నుంచి ఆ మాటే తొలుస్తోంది. మీరైతే ఏం చేసేవాళ్లు?

అనంతపురం అల్లుడు

మీ తమ్ముడే కరెక్ట్. మూడొందల యాభై పెట్టి గ్లాసు బీరు తాగేటప్పుడు లేని బాధ, 620 దగ్గర ఎందుకొచ్చింది అన్నా?

కడప కారం

బీరు రేటు చూసే తాగాను బ్రో. 620 చూసి కూర్చోలేదు. అదీ తేడా.

లెక్కల మాస్టారు

చిన్న సవరణ. మీకు పడింది 620 కాదు, 651. మీ బిల్లులో జీఎస్టీ చూడండి. తిండి 3,260 మీద 5 శాతం అంటే 163 రావాలి. 194 వేశారంటే సర్వీస్ చార్జ్ కూడా కలిపి, 3,880 మీద లెక్క కట్టారు. అంటే ప్రభుత్వం వేయని చార్జ్ మీద ప్రభుత్వానికి 31 రూపాయల పన్ను మీరు కట్టారు. మద్యం జీఎస్టీలోకి రాదు, కానీ ఆ బీరు మోసుకొచ్చినందుకు వేసిన సర్వీస్ చార్జ్ మాత్రం వచ్చింది. ముచ్చటగా లేదూ!

ఉలవచారు

మాస్టారూ, మీతో కలిసి భోజనానికి వెళ్తే తిన్నది అరుగుతుందా?

కోర్టు పక్షి

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే ఈ చర్చ పుకార్ల మీదే నడుస్తుంది.

2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. బిల్లులో సర్వీస్ చార్జ్ దానంతట అదే పడకూడదు. ఇంకో పేరు పెట్టి వసూలు చేయకూడదు. కట్టనంటే లోపలికి రానివ్వం అనకూడదు. దాన్ని కలిపి జీఎస్టీ వేయకూడదు (మాస్టారూ, మీ 31 ఇక్కడ పట్టుబడింది). రెస్టారెంట్ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే అదే నెల 20న స్టే వచ్చింది. ఆ స్టే చూపించే రెండున్నరేళ్లకు పైగా అందరూ వసూలు చేశారు. 2025 మార్చి 28న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పిచ్చి, రెండు సంఘాలకీ చెరో లక్ష ఖర్చుల కింద వేశారు. వాళ్లు అప్పీలుకి వెళ్లారు. ఇష్టంతో ఇచ్చే టిప్‌కి ఎవరూ అడ్డం కాదు. అడిగినా తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

అనంతపురం అల్లుడు

అది ఢిల్లీ. మనం ఉన్నది బెంగళూరు. ఇందిరానగర్ మేనేజర్‌కి ఢిల్లీ తీర్పు చూపిస్తే నవ్వుతాడు.

కోర్టు పక్షి

నవ్వనివ్వండి. మార్గదర్శకాలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్రం ఇచ్చినవి, ఢిల్లీ కోసం రాసినవి కావు. తీర్పు ఎక్కడొచ్చినా అవి దేశమంతటికీ.

వైట్‌ఫీల్డ్ వదిన

చట్టం పక్కన పెట్టండి, నాకు అసలు సర్వీస్ అంటే ఏంటో చెప్పండి. పోయిన నెల మా వైపే ఒక బ్రూవరీకి పిల్లలతో వెళ్లాం. టేబుల్ మీద క్యూఆర్ స్టిక్కర్. దాన్ని స్కాన్ చేస్తే ముందు ఫోన్ నంబర్ అడిగింది, తర్వాత ఓటీపీ, ఆ తర్వాతే మెనూ. ఆర్డర్ మేమే పెట్టుకున్నాం. డబ్బు కూడా అందులోనే కట్టాం. మనిషి కనిపించింది ఒక్కసారే, ప్లేట్లు పెట్టి వెళ్లడానికి. దానికీ 10 శాతం! మా పెద్దాడు "అమ్మా, సర్వీస్ మనమే చేసుకున్నాం కదా, మనకి ఇస్తారా" అని అడిగాడు.

ఫిల్టర్‌కాఫీ

వదినగారూ, మీ పెద్దాణ్ణి లా చదివించండి.

నేను ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. ఈ ఊరు నేర్పిన పద్ధతి ఇంకోటి ఉంది, దర్శిని. 1983లో జయనగర్‌లో మొదలైంది అంటారు. టోకెన్ తీసుకో, కౌంటర్లో ఇడ్లీ వడ అందుకో, నిలబడి తిను, ప్లేటు టబ్బులో పడేయ్. సర్వీస్ లేదు కాబట్టే ఆ రేటు అని అందరికీ తెలుసు. దాచిందేమీ లేదు. ఇంకోవైపు గాంధీ బజార్ విద్యార్థి భవన్ చూడండి. 1943 నుంచి ఉంది. అక్కడి సర్వర్ ఒక చేతి మీద దోసె ప్లేట్లు గోపురంలా పేర్చుకుని, మనుషుల మధ్య దూరి వస్తుంటే తినడం ఆపి చూస్తాం. అలాంటి మనిషికి నేను జేబులోంచి తీసి ఇస్తాను, ఎవరూ అడక్కుండానే. బిల్లు ప్రింటయ్యే మెషిన్‌కి ఎందుకివ్వాలి?

ఉలవచారు

మరి రెసిడెన్సీ రోడ్డు వైపు ఆంధ్రా భోజనం? అరిటాకులో పప్పు అయిపోకముందే బకెట్ వచ్చేస్తుంది. కందిపొడి, నెయ్యి వద్దన్నా వేస్తారు. "చాలు చాలు" అని రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వేస్తారు. అదీ సర్వీస్ అంటే. ఇప్పుడు ఆకలేస్తోంది, పోతున్నా.

నిర్వాహకుడు

విషయం సర్వీస్ చార్జ్. భోజనాల వర్ణనకి వేరే చర్చా దారం ఉంది.

మాజీ స్టూవార్డ్

కడప అన్నా, మీ మరదలు గారి ప్రశ్నకి నేను జవాబు చెప్పగలను. ఇప్పుడు వేరే పనిలో ఉన్నా గానీ, చర్చ్ స్ట్రీట్ వైపు ఒక రెస్టారెంట్లో ఆరేళ్లు ట్రే మోశాను. మాది చిత్తూరు జిల్లా. నాతో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఒడిశా, అస్సాం, నేపాల్ పిల్లలు. ఒక గదిలో ఎనిమిది మందిమి.

ఆ డబ్బు వెళ్లేది "పాయింట్ల" లెక్కలో. నెలంతా వచ్చిన సర్వీస్ చార్జ్ ఒకచోట పోగేస్తారు. కెప్టెన్‌కి (సర్వర్ల పెద్దకి) ఐదు పాయింట్లు, స్టూవార్డ్‌కి మూడు, హెల్పర్‌కి రెండు, గిన్నెలు కడిగేవాడికి ఒకటి. ఇది మా దగ్గరి లెక్క, ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఉదాహరణకి నెలకి నాలుగు లక్షలు వచ్చిందనుకోండి. ముందు అందులోంచి 20 శాతం "బ్రేకేజ్" కింద పోతుంది, అంటే పగిలిన గ్లాసులు, పోయిన చెంచాలు. ఎన్ని పగిలాయో మాకెప్పుడూ చూపించలేదు. మిగిలిన మూడు లక్షల ఇరవై వేలని 160 పాయింట్లతో భాగిస్తే పాయింటుకి రెండు వేలు. నాకు మూడు పాయింట్లు, ఆరు వేలు. నా జీతం అప్పుడు పన్నెండు వేలు. అర్థమైందా? నా సంపాదనలో మూడో వంతు మీ సర్వీస్ చార్జే.

కాబట్టి తీసెయ్యమంటే మాకు నష్టం లేదని అబద్ధం చెప్పను. ఉంది.

కానీ రెండో సగం కూడా వినండి. 2022 జులైలో ఆ రూల్ వచ్చినప్పుడు మా ఓనరు భయపడి రెండు వారాలు చార్జ్ తీసేశాడు. నష్టం పూడ్చుకోవడానికి మెనూలో రేట్లు పెంచాడు. మా జీతం ఒక్క రూపాయి పెంచలేదు. ఆ నెల నాకు పాయింట్ల మీద సగమే వచ్చింది. స్టే రాగానే చార్జ్ మళ్లీ పెట్టాడు. పెంచిన రేట్లు మాత్రం తగ్గించలేదు. కొట్లాట మీకూ మేనేజర్‌కీ మధ్య జరుగుతుంది, ఆ టేబుల్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడేది మేము. గెలిచేది ఇంకొకడు, వాడు ఆ టైమ్‌లో ఇంట్లో నిద్రపోతుంటాడు.

కడప కారం

తమ్ముడూ, ఇది చదివాక ఏం రాయాలో తెలియడం లేదు. ఆ కుర్రాడు అక్కడే నిలబడి ఉన్నాడు. అవును, చేతులు కట్టుకునే.

అనంతపురం అల్లుడు

చూశారా? నేను మొదట్నుంచీ చెప్పేది అదే. కట్టేసి రండి.

లెక్కల మాస్టారు

కాదండీ, ఆయన చెప్పింది అది కాదు. తను ఇవ్వాల్సిన జీతాన్ని ఓనరు కస్టమర్ చేత విడిగా కట్టిస్తున్నాడు, అందులో 20 శాతం తనే పట్టుకుంటున్నాడు, అని చెప్పారు.

హెచ్ఎస్ఆర్ హోటల్

ఓనర్లని తిడుతున్నారు కాబట్టి ఒక చిన్న ఓనర్‌ని మాట్లాడనివ్వండి. నాది ముప్పై సీట్ల చిన్న రెస్టారెంట్, బారు లేదు. సర్వీస్ చార్జ్ వేయను. ఎందుకంటే మొహమాటం, గొడవ భరించలేను.

కానీ నిజం చెప్తున్నా, నష్టపోతున్నది నేనే. నా దగ్గర మటన్ వేపుడు 396. రెండు వీధుల అవతల అదే వేపుడు మెనూలో 360, చివర్లో 10 శాతం. కస్టమర్ చేతికి వచ్చేసరికి రెండూ ఒకటే. అయినా ఫోన్లో మెనూ చూసేవాడికి వాడు చవక, నేను ఖరీదు. రివ్యూల్లో "రేట్లు కాస్త ఎక్కువ" అని రాస్తారు. మీకు ఎదురయ్యేది సర్వీస్ చార్జ్ కాదు, చిన్న అక్షరాల్లో దాచిన రేటు. నా గోడు ఆ 10 శాతం మీద కాదు, ఆ దాచడం మీద.

ఇంకోటి. మాకు 5 శాతం జీఎస్టీలో, మేం అద్దె మీదా సామాన్ల మీదా కట్టిన పన్ను వెనక్కి రాదు. 2017 నవంబర్ నుంచి ఇదే పద్ధతి. అది కూడా మెనూ రేటులోనే కలుస్తుంది. జీతాలు కూడా అక్కడే కలవాలి.

ఫిల్టర్‌కాఫీ

ఈ మొత్తం దారంలో నాకు కొత్తగా తెలిసిన విషయం ఇదే. మీ హోటల్ పేరు చెప్పండి, రేపే వస్తా.

నిర్వాహకుడు

ప్రకటనలు వద్దు.

వైట్‌ఫీల్డ్ వదిన

ప్రకటన కాదండీ, ఆకలి.

నీళ్ల బాటిల్ సంగతి కూడా అడగాలి. ఇరవై రూపాయల బాటిల్ తొంభైకి అమ్ముతారు. అదేమిటంటే కూర్చోబెట్టాం, ఏసీ వేశాం అంటారు. మరి కూర్చోబెట్టినందుకు అక్కడ తీసుకుని, మళ్లీ చివర్లో ఎందుకు?

కోర్టు పక్షి

వదినగారూ, మీరు అడిగినదే కోర్టు కూడా అడిగింది! బాటిల్ మీద ముద్రించిన రేటు కంటే హోటళ్లు ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి తొంభై తప్పు కాదు. కానీ సర్వీస్ చార్జ్ అప్పీలు 2025 ఆగస్టులో విచారణకి వచ్చినప్పుడు, వాతావరణం పేరుతో రేటు ముందే ఎక్కువ తీసుకుంటున్నారు కదా, సేవ అందులోకి రాదా అన్న ప్రశ్న న్యాయమూర్తుల నుంచే వచ్చింది.

ఉలవచారు

తిని వచ్చాను. మరి టిప్ ఇస్తే పోలా? మేనేజర్‌ని చార్జ్ తీయమను, కుర్రాడి చేతిలో మూడొందలు పెట్టు. అందరికీ మంచిది.

మాజీ స్టూవార్డ్

చెప్పడం తేలిక అన్నా. ఇప్పుడు పర్సులో నోట్లు ఉన్నవాళ్లు ఎంతమంది? యూపీఐ వచ్చాక మా చేతి టిప్ సగానికి పడింది. కొందరు మా సొంత క్యూఆర్ అడుగుతారు. చూపిస్తే మేనేజర్ కెమెరాలో చూసి మెమో ఇస్తాడు. నోటు ఇచ్చినా జేబులో వేసుకోకూడదు, డబ్బాలో వేయాలి. రాత్రి పంచుతారు. వంటగదిలో ఉన్నవాడికీ వాటా ఉండాలి కదా, అది న్యాయమే. డబ్బా తెరిచేటప్పుడు నలుగురు ఉంటేనే న్యాయం.

అనంతపురం అల్లుడు

సరే, నేను సగం ఒప్పుకుంటున్నా. అయినా కుటుంబంతో వెళ్లినప్పుడు బిల్లు దగ్గర లొల్లి పెట్టుకోను. అది నా బలహీనత అనుకోండి.

లెక్కల మాస్టారు

ఆ బలహీనత మీదే 10 శాతం నడుస్తోంది.

కడప కారం

నిన్న మళ్లీ వెళ్లాను. అక్కడికి కాదు, కోరమంగళలో వేరే చోటికి, ఆఫీసు వాళ్లతో. ఈసారి కూర్చోకముందే గుమ్మం దగ్గరే అడిగాను: "సర్వీస్ చార్జ్ ఉందా?" ఆ అమ్మాయి "ఉంది సార్, వద్దంటే తీసేస్తాం" అంది, ఏదో మంచినీళ్లు కావాలా అని అడిగినంత మామూలుగా. గొడవే లేదు. పదిమందిలో మొహాలు చూసుకునే అవసరమూ రాలేదు. బిల్లులో నిజంగానే లేదు.

ఏటీఎంకి ముందే వెళ్లొచ్చాను. వడ్డించిన అబ్బాయికి ఐదొందల నోటు ఇచ్చాను. "థాంక్యూ సార్" అని తీసుకెళ్లి, క్యాష్ కౌంటర్ పక్కన ఉన్న చెక్క డబ్బాలో వేశాడు.

మాజీ స్టూవార్డ్

డబ్బాకి తాళం ఉందా అన్నా?

కడప కారం

ఉంది. చెవి ఎవరి దగ్గర ఉంటుందని అడగాలనిపించింది. అప్పటికే మావాళ్లు లిఫ్ట్ ఎక్కేశారు.