పెట్రోల్ గోల్ఫ్ కార్ట్‌లో బ్యాటరీ ఛార్జ్ అవ్వట్లేదు: రెగ్యులేటర్ మార్చాలా, డైనమో విప్పాలా?

పచ్చిక దారి:
మాది పెట్రోల్ కార్ట్, 12 వోల్టుల బ్యాటరీ, పెడల్ తొక్కగానే సెల్ఫ్ తిరిగి స్టార్ట్ అయ్యే రకం. బ్యాటరీ కొత్తదే. బయట ఛార్జర్ పెట్టి నింపితే కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత సెల్ఫ్ బరువెక్కుతుంది, చివరికి సోలినాయిడ్ (సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్) టక్కుమని ఊరుకుంటుంది. ఇంజన్ బాగా స్పీడ్‌లో ఉన్నప్పుడు కూడా బ్యాటరీ మీద మీటర్ పెడితే 12.3 దాటట్లేదు. ఒక మెకానిక్ రెగ్యులేటర్ (డైనమో ఇచ్చే వోల్టేజ్‌ని అదుపు చేసేది) పోయిందంటాడు, ఇంకొకాయన స్టార్టర్ జనరేటర్ మొత్తం మార్చమంటాడు. రెండూ మార్చే ఉద్దేశం లేదు. ముందు దేని మీద చెయ్యి వేయాలి?

నట్టూ బోల్టూ:
రెగ్యులేటర్ మార్చెయ్యండి, ఆలోచించక్కర్లేదు. ఈ బండ్లలో సెల్ఫ్ మోటారూ డైనమో ఒకటే యూనిట్ కదా, స్టార్ట్ చేసేటప్పుడు మోటారు, ఇంజన్ అందుకున్నాక అదే బెల్ట్‌తో డైనమో. సెల్ఫ్ బాగా కొడుతోందంటే ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం), బ్రష్‌లు (దానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) బాగున్నట్టే. ఇక మిగిలింది రెగ్యులేటరే.

ఎర్త్ వైర్:
బోల్టన్నా, సగమే ఒప్పుకుంటాను. యూనిట్ ఒకటే అయినా లోపల ఫీల్డ్ వైండింగ్‌లు, అంటే అయస్కాంత శక్తి పుట్టించే తీగ చుట్టలు, రెండు. ఎఫ్1, ఎఫ్2 అనే టెర్మినళ్ల మధ్య ఉన్న లావు చుట్ట స్టార్టింగ్‌కి. డీఎఫ్ టెర్మినల్‌కి వచ్చే సన్న చుట్ట ఛార్జింగ్‌కి. ఆ సన్న చుట్ట తెగినా, దాని వైర్ టెర్మినల్ దగ్గర ఊడినా సెల్ఫ్ మాత్రం హాయిగా తిరుగుతుంది, ఛార్జింగ్ మాత్రం సున్నా. కాబట్టి సెల్ఫ్ కొడుతోంది గనక డైనమో బాగుందని తేల్చేయలేం.

రోడ్డు మీద రాజు:
ఇంత గొడవెందుకు, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఒకటి పీకండి. ఆగితే డైనమో పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు.

ఎర్త్ వైర్:
దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు. బ్యాటరీ లేకుండా డైనమో నడిస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరి, బాగున్న రెగ్యులేటర్ కూడా కాలిపోవచ్చు. పైగా దాంతో తేలేదీ ఏమీ లేదు. కొన్ని ఇంజన్లలో ఇగ్నిషన్‌కి బ్యాటరీతో పనే లేదు, ఫ్లైవీల్ మీది అయస్కాంతంతోనే స్పార్క్ వస్తుంది. అలాంటి ఇంజన్ డైనమో చచ్చిపోయినా నడుస్తూనే ఉంటుంది.

పచ్చిక దారి గారూ, ఏదీ కొనకముందు ఇవి చూడండి.

మొదట బెల్ట్. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే అర అంగుళం కన్నా ఎక్కువ దిగుతోందంటే వదులైనట్టే. లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే అది జారుతోంది, బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే. పెడల్ తొక్కగానే కీచుమంటోందా అన్నదీ గమనించండి.

తర్వాత ఎర్త్, అంటే ఫ్రేమ్ మీదుగా బ్యాటరీ మైనస్‌కి చేరే దారి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ ఫ్రేమ్‌కీ మధ్య కేబుల్ ఉండి తీరాలి. మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ పోల్ మీద, రెండోది డైనమో బాడీ మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ సరిగా లేదు. రెగ్యులేటర్‌కీ బ్యాటరీకీ మధ్య ఫ్యూజ్ ఉంటే దాన్నీ చూడండి, కంటికి బాగున్నా మీటర్‌తోనే నమ్మండి.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు డీఎఫ్ పరీక్ష. వెనక చక్రాలు రెండూ స్టాండ్ల మీదికి లేపి, ముందు చక్రాలకి అడ్డు పెట్టి, లైట్లూ మిగతావీ ఆపేయండి. డైనమో డీఎఫ్ టెర్మినల్ నుంచి రెగ్యులేటర్‌కి వెళ్లే వైర్ విప్పి పక్కన పెట్టండి. ఇంజన్ మధ్యస్థంగా తిరుగుతుండగా ఒక జంపర్ వైర్‌తో (విడి వైర్ ముక్క) ఆ డీఎఫ్ టెర్మినల్‌ని రెండు మూడు సెకన్లు ఎర్త్‌కి తగిలించి, అంటే రెగ్యులేటర్ చేసే పని మనమే చేసి, బ్యాటరీ మీద మీటర్ చూడండి. వోల్టేజ్ గబగబా పైకెళ్తే డైనమో బాగుంది, తప్పు రెగ్యులేటర్ వైపు. కదలకపోతే తప్పు బ్రష్‌లది, కమ్యుటేటర్‌ది (బ్రష్‌లు రాసుకునే రాగి భాగం), లేదా ఆ సన్న చుట్టది. 15 దాటగానే వైర్ తీసేయండి, ఎందుకంటే ఆ సమయంలో వోల్టేజ్‌ని ఆపేది ఏదీ లేదు. చొక్కా చేతులు, చేతి గొలుసులు బెల్ట్ దగ్గరికి రానివ్వొద్దు.

నట్టూ బోల్టూ:
అందరికీ మీటర్ పట్టుకునే చెయ్యి ఉండదు తమ్ముడూ. రెగ్యులేటర్ అంటే రెండు బోల్టులు, నాలుగు వైర్లు, మార్చడానికి అరగంట చాలు. తిరుగుతున్న బెల్ట్ పక్కన చెయ్యి పెట్టి జంపర్ ఆడించడం కన్నా అదే క్షేమం.

ఎర్త్ వైర్:
క్షేమం మాట నిజమే, భయంగా ఉన్నవాళ్లు ఆ పరీక్ష తెలిసినవాళ్లతోనే చేయించుకోవాలి. కానీ కారణం తెలియకుండా పార్టు మారిస్తే, కొత్తదీ పనిచేయనప్పుడు మళ్లీ మొదటికే వస్తాం. అప్పుడు కొత్త రెగ్యులేటర్ మీద కూడా అనుమానం మొదలవుతుంది.

నెమ్మది బండి:
మీరిద్దరూ వాడకం సంగతి వదిలేశారు. ఈ బండిలో పెడల్ వదలగానే ఇంజన్ ఆగిపోతుంది, మళ్లీ తొక్కితే మళ్లీ సెల్ఫ్. వంద గజాలకోసారి ఆపుతూ పోతే ప్రతిసారీ బ్యాటరీ నుంచి భారీగా కరెంటు పోతుంది, తిరిగి నింపే టైమ్ డైనమోకి దొరకదు, నెమ్మదిగా పోతే అది ఇచ్చేదే తక్కువ. పైన 55 వాట్ల హాలోజన్ లైట్లు రెండు పెట్టారనుకోండి, 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు, బండి ఆగి ఉన్నా లాగుతూనే ఉంటాయి. అన్నీ బాగున్న బండిలో కూడా ఇలా బ్యాటరీ దిగిపోతుంది. ఎల్‌ఈడీ లైట్లు వేసుకోండి, వారానికోసారి బయట ఛార్జర్ పెట్టండి.

ఎర్త్ వైర్:
మంచి మాట, కానీ ఆయన కేసు అది కాదు. వాడకం వల్లయితే ఇంజన్ స్పీడ్‌లో ఉన్నప్పుడు మీటర్ 14 దరిదాపుల్లో చూపించాలి. 12.3 దగ్గరే ఉందంటే అసలు ఛార్జింగే రావట్లేదు.

పచ్చిక దారి:
అందరికీ థాంక్స్. బెల్ట్ బాగుంది, ఫ్యూజ్ బాగుంది. డైనమో బాడీ ఎర్త్ కూడా బాగానే చూపించింది. తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని డీఎఫ్ పరీక్ష చేశాం, ఎర్త్‌కి తగిలించగానే 12.3 నుంచి 15 దాకా లేచింది, వెంటనే తీసేశాం.

నట్టూ బోల్టూ:
డైనమో బాగుందని తేలింది. నేను మొదటి నుంచీ చెప్పేది అదే, రెగ్యులేటర్ తెప్పించండి.

ఎర్త్ వైర్:
ఒక్క నిమిషం. చాలా రెగ్యులేటర్లకి వేరే ఎర్త్ వైర్ ఉండదు, దాని బాడీయే ఎర్త్, బిగించిన బోల్టు ద్వారానే. ఆ బోల్టు కింద తుప్పో పెయింటో ఉంటే రెగ్యులేటర్ ఎంత మంచిదైనా డీఎఫ్‌ని ఎర్త్‌కి లాగలేదు. ఇంజన్ నడుస్తుండగా రెగ్యులేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి.

పచ్చిక దారి:
చూశాను, 0.9 ఉంది. విప్పి చూస్తే బాడీ కింద ఫ్రేమ్ మీద తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది, ఒక బోల్టు తల కింద ఎర్ర తుప్పు. ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా గీకి, కొత్త స్టార్ వాషర్ వేసి, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి నేరుగా ఒక వైర్ కూడా లాగాం. డీఎఫ్ వైర్ మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే 14.1 వస్తోంది. కొత్త పార్టు ఏదీ కొనలేదు.

నట్టూ బోల్టూ:
సంతోషం. అయినా నా అభిప్రాయం నాది, ఇన్నాళ్లు సగం ఎర్త్‌తో నడిచిన రెగ్యులేటర్‌ని నేనైతే నమ్మను. ఇంజన్ బాగా వేడెక్కాక, లైట్లు వేసి మళ్లీ చూడండి. 13.5 కిందికి జారిందంటే మార్చాల్సిందే.

ఎర్త్ వైర్:
దానికి నాకూ అభ్యంతరం లేదు, వేడి మీద చూడటం మంచి పద్ధతి. 14.8 దాటుతోందేమో కూడా చూడండి, ఎక్కువ వచ్చినా బ్యాటరీలో నీళ్లు ఉడికిపోతాయి.

పచ్చిక దారి:
గంట సేపు తిప్పి, లైట్లు వేసి చూశాను. 13.9 దగ్గర నిలకడగా ఉంది. ప్రస్తుతానికి పాత రెగ్యులేటరే ఉంచుతున్నాను.